నీళ్లు కావాలా అని అడిగితే చాలదు

సాఫ్ట్‌వేర్ పని చేసే మన పిల్లోల నోట్లో ఒక మాట నానుతా ఉంటాది: రిక్వైర్‌మెంట్స్. అంటే పని మొదలుపెట్టకముందే, అది ఎవరి కోసమో వాళ్లను అడిగి ఏం కావల్లో రాసుకోవడం. అడిగేటోడిది ఒక దేశం, చెప్పేటోడిది ఇంకో దేశమైతే ఇది శానా కష్టం. ఎంత కష్టమో తెలియాలంటే మన కేసీ కాలువ కథ చూస్తే చాలు.

నేను చాగలమర్రోణ్ణి. కేసీ కాలువ పేరు తెలియనోళ్లు మా దిక్కు లేరు. కానీ దాన్ని మొదట తవ్వించింది సర్కారు కాదు, మద్రాస్ ఇరిగేషన్ అండ్ కెనాల్ కంపెనీ అనే ఇంగ్లీషోళ్ల ప్రైవేటు కంపెనీ. 1860లలో సుంకేసుల దగ్గర తుంగభద్రకు అడ్డం కట్టి, నంద్యాల మీదుగా కడప దాకా సుమారు 300 కిలోమీటర్లు తవ్వినారు. నీళ్లు అమ్మల్ల, పడవలు నడపల్ల, లాభం తీయల్ల. ఇదీ లెక్క. 10 లక్షల పౌండ్ల పెట్టుబడికి 5 శాతం వడ్డీ వచ్చేటట్టు సర్కారు హామీ కూడా ఇచ్చింది.

గోదావరి మీద 1852లో ఆనకట్ట పూర్తయినాక అక్కడ వరి బాగా పండింది. కరువు సీమలో అయితే రైతులు నీళ్లకు ఇంకా ఎగబడతారని అనుకున్నారు. కానీ కంపెనీ అనుకున్నంత మంది నీళ్లు కొనలేదు. ఆఖరికి 1882లో కాలువను సర్కారే కొనుక్కోవాల్సి వచ్చింది.

మన రైతుకు తెలివి లేక కాదు. మాది నల్లరేగడి. ఒక మంచి వాన పడితే తేమను చానా దినాలు పట్టుకుంటాది. జొన్న, కొర్ర, పత్తికి అది చాలు. కాలువ నీళ్లతో మడి చేయాలంటే చేను చదును చేయల్ల, గెనిమలు వేయల్ల, ఎద్దులు, కూలీలు ఎక్కువ కావల్ల, పైన నీటి తీరువా కట్టల్ల. వానలు బాగున్న ఏడు ఆ ఖర్చు ఎవరు పెట్టుకుంటారు? అట్లని రైతుకు నీళ్లు వద్దనీ కాదు. అదే కాలువ నీళ్ల కోసం ఈపొద్దు రైతులు ఎదురుచూస్తాండారు. 'కావాలా' అంటే ఎవరైనా కావాలనే అంటారు. ఎప్పుడు, ఎంత, ఎవరి ఖర్చుతో అనేదే అసలు ప్రశ్న.

ఈ కాలం ప్రాజెక్టుల్లోనూ అంతే. నాకు పనికొచ్చిన మూడు సంగతులు చెప్తా.

ఒకటి, 'ఏం కావాల' అనే ముందు 'ఇప్పుడు ఎట్ల చేస్తాండారు' అని అడగండి. మంచి ఏడు ఎట్ల, చెడ్డ ఏడు ఎట్ల అని రెండూ అడగండి.

రెండు, 'సరే' అనే మాటను తూకం వేయండి. మన దిక్కు పెద్దోళ్ల మొహం మీద కాదని చెప్పరు. 'చూద్దాంలే సార్' అంటే శానాసార్లు వద్దనే అర్థం. అమెరికా క్లయింటు దాన్ని ఒప్పుకున్నట్టే రాసుకుంటాడు. అందుకే నలుగురిలో అడిగినాక విడిగా కూడా అడగల్ల. ఆడోళ్లను, కౌలు రైతులను పక్కన పెట్టొద్దు.

మూడు, విన్నది రాసి, తిరిగి వాళ్లకే చదివి వినిపించండి. 03/04 అంటే మనకు ఏప్రిల్ 3, అమెరికావోళ్లకు మార్చి 4. ఇంత చిన్న దాంట్లోనే నెల తేడా వస్తాది. నెల పేరు అక్షరాల్లో రాస్తే ఆ తగాదా ఉండదు.

రేపు మీ ఊరికి సోలార్ ప్లాంటో, రైతుల యాపో పట్టుకోని ఎవరో ఒకరు వస్తారు. వాళ్ల ప్రశ్నా, మీ నాయన జవాబూ రెండూ అర్థమయ్యేది మీకే. మధ్యలో కూర్చోని, 'సార్, ఆయన సరే అనలేదు, చూద్దాం అన్నాడు' అని చెప్పాల్సింది మీరే. ఆ మాట తవ్వకముందే చెప్పల్ల.