నరికేయమన్న తీగ, నోరూరించే సీసా

1395 జులైలో ఫ్రాన్స్‌లోని బర్గండీ ప్రభువు ఫిలిప్ ఒక ద్రాక్ష తీగ మీద కత్తికట్టాడు. దాని పేరు గమే. విరగకాస్తుంది, పినో న్వార్ ద్రాక్ష కంటే రెండు వారాలు ముందే పండుతుంది. రైతుకి అంతకంటే ఏం కావాలి! ప్రభువుకి మాత్రం అది చేదు వైన్ ఇచ్చే ద్రోహి. తన నేల మీద ఆ తీగ ఉండటానికి వీల్లేదని శాసనం చేశాడు. గమే అంతటితో అంతరించిపోలేదు. బర్గండీకి దక్షిణాన, లియాన్ నగరానికి ఉత్తరాన ఉన్న బోజోలే కొండల్లో వేళ్లూనుకుంది. అక్కడి గ్రానైట్ నేల దానికి పుట్టిల్లంత నచ్చింది.

ఇప్పుడు ఫ్రాన్స్ సూపర్‌మార్కెట్‌లో ఆ గమేతో చేసే బోజోలే-విలాజ్ సీసా పది యూరోల లోపే దొరుకుతుంది. ఇంట్లో కూర్చుని వైన్ రుచి చూడటం నేర్చుకోవాలనుకునేవారికి నేనైతే మొదట ఈ సీసానే ఇస్తాను. చవక కాబట్టి కాదు, దాపరికం లేనిది కాబట్టి. ఖరీదైన బోర్డో వైన్‌ని లేత వయసులో తెరిస్తే వగరు నాలుకని పట్టేస్తుంది, ఓక్ పీపా వాసన పండు వాసనని కమ్మేస్తుంది. దాని మంచితనం తెలియాలంటే ఏళ్లు ఆగాలి. గమే సీసా ఈ సాయంత్రమే తెరిచి తాగడానికి తయారైంది.

ముందు చల్లదనం సంగతి. రెడ్ వైన్‌ని గది వేడిలోనే తాగాలన్న మాట పాత ఫ్రెంచి ఇళ్లలో పుట్టింది. ఆ గదుల్లో 16, 18 డిగ్రీలకి మించి ఉండేది కాదు. బోజోలేకి 12 నుంచి 14 డిగ్రీలు చాలు. సీసాని కాసేపు ఫ్రిజ్‌లో పెట్టి తీయండి. వేడెక్కిన వైన్‌లో ఆల్కహాల్ ఘాటు ముందుకొచ్చి పండు వెనక్కి పోతుంది. చవక వైన్ బాగాలేదని పెదవి విరిచేవారిలో చాలామంది దాన్ని వేడిగా తాగినవారేనని నా నమ్మకం.

కాడ ఉన్న గ్లాసు, అంచు దగ్గర కాస్త ముడుచుకున్నది తీసుకుని మూడో వంతే పోయండి. తెల్ల కాగితం మీదకి వంచి చూస్తే ఊదా అంచున్న పలచని ఎరుపు. తిప్పకుండా ఒకసారి వాసన చూడండి, తిప్పి మళ్లీ చూడండి. రెండోసారి వచ్చే వాసన మొదటిదానికంటే విచ్చుకుని ఉంటుంది. ఫ్రెంచివారు రాస్ప్‌బెర్రీ, చెర్రీ, పియోనీ పువ్వు అంటారు. రాస్ప్‌బెర్రీ ఎన్నడూ తినని ముక్కుకి ఆ పేరుతో పనేముంది? దానిమ్మ గుర్తొస్తే దానిమ్మ అనే రాసుకోండి. కొన్ని సీసాల్లో అరటిపండు వాసన ఇట్టే తెలిసిపోతుంది. అరటిపండులో ఉండే ఐసోఅమైల్ ఎసిటేట్ పులియబెట్టేటప్పుడు ఈ వైన్‌లోనూ పుడుతుంది.

ఇక గుక్క. నోటినిండా తిప్పి, పెదవుల మధ్య నుంచి కొంచెం గాలి లోపలికి పీల్చండి. వాసన గొంతు వెనక నుంచి ముక్కుకి ఎక్కుతుంది. రుచి అనుకునే దానిలో ఎక్కువ పాలు అదే. దవడల దగ్గర పులుపు, నీళ్లూరడం. చివర్లో నేరేడు పండు తిన్నాక మిగిలేంత వగరు. నేర్చుకోవడానికి రెండు గుక్కలు చాలు, ఆపైన ఉమ్మేయవచ్చు. వృత్తిగా రుచి చూసేవారు సాధారణంగా చేసేది అదే. మద్యం ఎంత తక్కువైనా సురక్షితం కాదని ప్రపంచ ఆరోగ్య సంస్థ 2023లో చెప్పిన మాట కూడా మరిచిపోకూడదు.

వగరు ఎందుకంత తక్కువ? బోజోలేలో గుత్తుల్ని నలపకుండా అలాగే తొట్టెలో వేస్తారు. అడుగు గుత్తులు బరువుకి నలిగి పులియడం మొదలుపెడతాయి. అప్పుడు పుట్టే కార్బన్ డయాక్సైడ్ తొట్టెంతా నిండుతుంది. పైనున్న పళ్లు గాలి తగలక, తొక్క లోపలే పులుస్తాయి. కొద్ది రోజుల్లోనే రసం తీసేస్తారు కాబట్టి తొక్కలోని, గింజలోని వగరు పెద్దగా దిగదు. ఈ పులియబెట్టడాన్ని శ్రద్ధగా పరిశోధించినవాడు ఆ ప్రాంతపు వైన్ వర్తకుడే, జూల్ షోవే. రసాయన శాస్త్రం తెలిసిన ఆ మనిషి గంధకం కలపకుండా వైన్ చేయవచ్చని చూపాడు. నేడు సహజ వైన్ చేసేవారు ఆయన్ని గురువుగా తలుచుకుంటారు.

అలాంటి ప్రాంతానికి చులకన పేరు తెచ్చింది బోజోలే నువో. కోసిన కొన్ని వారాలకే, నవంబరు మూడో గురువారం విడుదలయ్యే కొత్త వైన్. 1985లో ఆ తేదీ స్థిరపడింది, పండుగ ప్రపంచమంతా పాకింది. సందడి పెరిగేకొద్దీ బోజోలే అంటే అదొక్కటేనన్న అభిప్రాయం బలపడి, మోర్గోన్, ఫ్లూరీ లాంటి గ్రామాల గట్టి వైన్లు మరుగున పడ్డాయి. నాకిది అన్యాయమనిపిస్తుంది. ఆ గ్రామాల రైతుల్లో ఎందరో ఇప్పటికీ చేత్తోనే గుత్తులు కోస్తారు.

ధర, పేరు, రంగు మన నాలుకని ముందే నడిపిస్తాయి. 2001లో అచ్చయిన ఒక పరిశోధనలో బోర్డోలో వైన్ చదువుతున్న 54 మందికి ఎర్రరంగు కలిపిన తెల్ల వైన్ ఇచ్చారు. వాళ్లు దాన్ని రెడ్ వైన్ మాటలతోనే వర్ణించారు. అందుకే ఇంట్లో ఇద్దరు ముగ్గురు కూర్చున్నప్పుడు సీసాకి కాగితం చుట్టి, ఎవరికి తోచింది వాళ్లు రాసుకున్నాకే విప్పండి.

తిండి విషయానికొస్తే, లియాన్‌లో పంది సాసేజీలతో తాగుతారు. విదేశాల్లో ఉన్న తెలుగువాళ్లకి మాత్రం ఒక మాట చెప్పాలి. వగరు, ఆల్కహాల్ ఎక్కువున్న వైన్ మిరపకారాన్ని మరింత మండిస్తుంది. కోడివేపుడు పక్కన చల్లటి గమే పెట్టి చూడండి, అంత మండదు. మిగిలితే బిరడా బిగించి ఫ్రిజ్‌లో పెట్టండి. మర్నాడు పండు కొంత తగ్గి పులుపు పైకొస్తుంది, ఆ తేడా కూడా రాసుకోండి. మూడో రోజుకి తాగాలనిపించకపోతే కోడి ఉడికే గిన్నెలో పోసేయండి. బోజోలేలో కోడి వండటం అక్కడి ఇళ్లలో ఎప్పటి నుంచో ఉన్నదే.