తెరచి ఉంచవలసిన తలుపులెన్ని?

గోదావరి డెల్టాలో పెరిగిన మనకు తూము సంగతి వేరొకరు చెప్పనక్కర లేదు. 1852లో ధవళేశ్వరం ఆనకట్ట పూర్తయిన నాటి నుండి ఇక్కడి సేద్యమంతా నీటిని ఎక్కడ విడువవలెను, ఎక్కడ కట్టవలెను అన్న వివేకం మీదనే నడుస్తున్నది. కంప్యూటరు విషయంలోనూ ఇదే వివేకం అవసరమని మా మనవి.

1969లో బెల్ ప్రయోగశాలలలో ఆరంభమైన యూనిక్స్‌లోనూ, దాని పోలికతో వచ్చిన లినక్స్‌లోనూ, వెలుపలి నుండి వచ్చే పిలుపులకు బదులిచ్చే ప్రోగ్రాములు కొన్ని ఉంటాయి. వీటిని నెట్‌వర్క్ సేవలంటారు. ఒక్కొక్క సేవ ఒక్కొక్క సంఖ్య గల ద్వారం వద్ద, అనగా పోర్టు వద్ద, కాచుకొని ఉంటుంది. ఎస్‌ఎస్‌హెచ్‌కు 22, టెల్నెట్‌కు 23, ఫింగర్‌కు 79. ఇటువంటి సేవలు కొన్ని మనం కోరకుండానే, వ్యవస్థను స్థాపించిన నాడే పని మొదలుపెట్టడం కద్దు.

దీనివల్ల కీడేమని విద్యార్థులు అడుగవచ్చు. 1988 నవంబరు 2న కార్నెల్ విశ్వవిద్యాలయ విద్యార్థి రాబర్ట్ మోరిస్ ఒక ప్రోగ్రామును నెట్‌వర్కులోనికి వదలినాడు. అది ఫింగర్ సేవలోని లోపం గుండానూ, సెండ్‌మెయిల్‌లో పరీక్షల కొరకు ఏర్పరచి మూయక విడిచిన మార్గం గుండానూ దూరినది. సుమారు 6,000 యంత్రాలు దాని వాత పడినవని నాటి అంచనా. ఫింగర్ చేసే పని యంత్రాన్ని ఎవరు వాడుతున్నారో తెలుపడం మాత్రమే. అంత స్వల్ప ప్రయోజనానికి అంత నష్టం!

అట్లని అన్నింటినీ మూసివేయడమూ తగదు. దూరాన ఉన్న యంత్రంలో ఎస్‌ఎస్‌హెచ్‌ను ఆపినవాడు తన ఇంటికి తానే బయట తాళం వేసుకున్నవాడవుతాడు. కనుక ముందుగా ‘ఎస్‌ఎస్’ అనే ఆదేశంతో తెరచి ఉన్న ద్వారాల జాబితా తీయవలెను. 127.0.0.1 వద్ద మాత్రమే వినే సేవ వెలుపలివారికి నేరుగా అందదు. దానికి తొందర లేదు. తక్కిన ప్రతి సేవనూ ఎవరు వాడుతున్నారో విచారించవలెను. వాడేవారు లేనిచో ఆపవలెను. నేటి లినక్స్‌లలో పెక్కింట ‘స్టాప్’ ఆ పూటకే ఆపుతుంది. ‘డిసేబుల్’ యంత్రం మరల మొదలైనప్పుడు ఆ సేవ దానంతట అది లేవకుండా చేస్తుంది. రెండూ చేయవలెను. మరొక సేవ పిలిచి లేపవచ్చును గనుక, యంత్రాన్ని తిరిగి ప్రారంభించి జాబితాను మరల చూడవలెను.

విద్యార్థుల మార్కులూ, స్కాలర్‌షిప్ దరఖాస్తులూ ఉన్న యంత్రానికి ఈ జాగ్రత్త మరింత అవసరం. ఏ సేవను ఎందుకు తెరచి ఉంచినామో ఒక రిజిస్టరులో వ్రాసి ఉంచే ఏర్పాటును కళాశాల కమిటీ పెద్దలు పరిశీలింప ప్రార్థన. కారణం వ్రాయలేని తలుపు మూయదగిన తలుపే.