గొంతు పోయి మాట రావట్లేదా? గుసగుసగా మాట్లాడినా ఇబ్బందే.. ముందు చేయాల్సింది ఇదే!

రాత్రంతా జలుబు, గొంతులో గరగర. పొద్దున లేచి ఇంట్లోవాళ్లను పిలుద్దామంటే మాట పెగలదు. గాలి తప్ప శబ్దం రాదు. సీజన్‌ మారినప్పుడల్లా చాలా ఇళ్లలో కనిపించే సీనే ఇది. కంప్యూటర్‌ ముందు కూర్చుని పనిచేసేవాళ్లకైతే రెండ్రోజుల ఇబ్బంది. కానీ క్లాసులో పాఠం చెప్పే టీచర్‌కి, వీధుల్లో కేకేసి కూరగాయలు అమ్మేవాళ్లకి, కాల్‌ సెంటర్‌ ఉద్యోగికి గొంతే బతుకుదెరువు. అందుకే నొప్పి ఉన్నా సరే గొంతు చించుకుని మాట్లాడేస్తుంటారు. అసలు చిక్కు అక్కడే మొదలవుతుంది. వారం రోజుల్లో తగ్గాల్సిన సమస్య నెలల తరబడి వేధిస్తుంది.

గొంతు ఎందుకు పోతుంది?

మెడ ముందు భాగంలో స్వరపేటిక ఉంటుంది. అందులో ఉండే రెండు మెత్తటి మడతలే వోకల్‌ కార్డ్స్‌. వీటినే స్వరతంత్రులు అంటారు. ఊపిరితిత్తుల నుంచి వచ్చే గాలికి ఇవి కంపిస్తేనే శబ్దం పుడుతుంది. మామూలుగా మాట్లాడేటప్పుడు మగవాళ్లలో సెకనుకు 100కు పైగా, ఆడవాళ్లలో దాదాపు 200 సార్లు కంపిస్తాయి. జలుబు వైరస్‌ సోకినా, పెళ్లి బరాత్‌లోనో క్రికెట్‌ మ్యాచ్‌లోనో గట్టిగా అరిచినా ఈ మడతలు వాచిపోతాయి. వాచినవి సరిగ్గా కలుసుకోలేవు, కంపించలేవు. దాంతో గొంతు బొంగురుపోతుంది. వాపు ఎక్కువైతే మాటే రాదు. డాక్టర్లు దీన్ని లారింజైటిస్‌ అంటారు.

ఎక్కువ శాతం కేసులకు కారణం వైరస్‌లే. కాబట్టి యాంటీబయాటిక్‌ మాత్రలతో ఉపయోగం ఉండదు. సాధారణంగా 1 నుంచి 2 వారాల్లో దానంతట అదే సర్దుకుంటుంది. అయితే ఆ లోపు గొంతుకు విశ్రాంతి ఇవ్వాలి.

మౌనమే మొదటి మందు

కాలు బెణికితే నడక తగ్గిస్తాం. గొంతు విషయంలోనూ అంతే. రెండు మూడు రోజుల పాటు మాటలు వీలైనంత తగ్గించాలి. ఫోన్‌ కాల్స్‌కు బదులు మెసేజ్‌ పెట్టాలి. తప్పనిసరైతే దగ్గరికి వెళ్లి, మామూలు స్వరంతో, మెల్లగా, రెండు ముక్కల్లో చెప్పాలి. టీవీ సౌండ్‌, ట్రాఫిక్‌ మోత ఉన్నచోట మాట్లాడకపోవడమే మంచిది. ఎందుకంటే చుట్టూ గోల ఉంటే తెలియకుండానే గొంతు పెంచేస్తాం.

ఇక్కడే చాలామంది ఓ పొరపాటు చేస్తారు. గట్టిగా మాట్లాడొద్దన్నారు కదా అని గుసగుసగా మాట్లాడతారు. గుసగుసలాడేటప్పుడు చాలామంది స్వరపేటిక చుట్టూ ఉన్న కండరాలను బిగపట్టేస్తారు. దాంతో అలసట తగ్గకపోగా పెరుగుతుంది. అలాగే పదే పదే గొంతు సవరించుకునే అలవాటు కూడా మంచిది కాదు. అలా చేసిన ప్రతిసారీ వాచిన తంత్రులు ఒకదాన్నొకటి బలంగా కొట్టుకుంటాయి. గొంతులో ఏదో అడ్డుపడినట్టు అనిపిస్తే ఓ గుక్క నీళ్లు తాగడం మేలు.

ఉప్పునీళ్లు, తేనె, కషాయం.. ఏది ఎంతవరకు?

మనం తాగేదేదీ నేరుగా వోకల్‌ కార్డ్స్‌ను తాకదు. మింగేటప్పుడు శ్వాసమార్గం మూసుకుంటుంది. తాగింది పక్కనున్న అన్నవాహికలోకి వెళ్లిపోతుంది. మరి వీటితో లాభం లేదా అంటే ఉంది. గొంతు నొప్పికి ఇవి ఉపశమనం ఇస్తాయి. నీళ్లు తగినంత తాగితే ఒంట్లో తేమ పెరిగి, తంత్రుల మీద ఉండే జిగురు పొర ఆరిపోకుండా ఉంటుంది.

గ్లాసు గోరువెచ్చటి నీళ్లలో అర టీస్పూన్‌ ఉప్పు కలిపి రోజుకు మూడు నాలుగు సార్లు పుక్కిలిస్తే నొప్పి తగ్గుతుంది. తేనె గొంతు గరగరను, దగ్గును తగ్గిస్తుంది. అయితే ఏడాది లోపు పిల్లలకు మాత్రం తేనె అస్సలు నాకించకూడదు. బోటులిజం అనే ప్రమాదకరమైన జబ్బు వచ్చే అవకాశం ఉంది. అల్లం, తులసి కషాయం, పలుచటి చారు గోరువెచ్చగా తీసుకోవచ్చు. ఛాతీలో మంట ఉన్నవాళ్లు మాత్రం మిరియాల ఘాటు తగ్గించుకోవాలి.

ఆవిరి పట్టడం హాయిగా అనిపిస్తుంది. కానీ మరిగే నీళ్ల గిన్నె ఒలికి కాలిన గాయాలతో ఆస్పత్రి పాలైనవాళ్లూ ఉన్నారు. పిల్లలకు అలా పట్టించొద్దు. తలుపులు వేసి వేడినీళ్ల స్నానం చేసినా ఆ తేమ అందుతుంది.

మాత్రలు వేసుకునే ముందు..

నొప్పి, జ్వరం ఉంటే పారాసిటమాల్‌ సరిపోతుంది. కానీ మెడికల్‌ షాపులో ఇచ్చే చాలా జలుబు మాత్రల్లో కూడా పారాసిటమాల్‌ ఉంటుంది. రెండూ కలిపి వేసుకుంటే డోసు పెరిగి లివర్‌పై ప్రభావం పడుతుంది. అందుకే షీట్‌ వెనకాల ఏముందో చదవాలి. ముక్కు కారడం ఆపే కొన్ని మందులు గొంతును మరింత పొడిబారుస్తాయి. పిల్లలకు డాక్టర్‌ చెప్పకుండా ఆస్పిరిన్‌ ఇవ్వకూడదు.

అన్ని గొంతు నొప్పులూ ఒకటి కాదు

ముక్కు కారడం, దగ్గు, గొంతు బొంగురు.. ఈ మూడూ ఉంటే చాలా వరకు వైరస్సే. అలా కాకుండా ఉన్నట్టుండి జ్వరం, మింగలేనంత నొప్పి, టాన్సిల్స్‌పై తెల్లటి మచ్చలు, దవడ కింద నొప్పి పుట్టించే గడ్డలు కనిపిస్తూ, దగ్గు మాత్రం లేకపోతే స్ట్రెప్‌ అనే బ్యాక్టీరియా కావచ్చు. 5 నుంచి 15 ఏళ్ల పిల్లల్లో ఇది ఎక్కువ. దీన్ని పట్టించుకోకపోతే కొందరిలో రుమాటిక్‌ ఫీవర్‌ వచ్చి గుండె కవాటాలు దెబ్బతింటాయి. డాక్టర్‌ పరీక్షించి యాంటీబయాటిక్‌ రాస్తే కోర్సు మొత్తం పూర్తి చేయాల్సిందే. రెండ్రోజులకే తగ్గింది కదా అని ఆపేయకూడదు.

జలుబు లేకుండానే గొంతు మారిందా?

పొద్దున్నే గొంతు బొంగురుగా ఉండి, నోట్లో పులుపు తగులుతుంటే కడుపులోని యాసిడ్‌ పైకి తన్నుతోందేమో చూడాలి. రాత్రి భోజనానికి, పడకకు మధ్య 2 నుంచి 3 గంటల గ్యాప్‌ ఉంటే చాలామందికి తేడా తెలుస్తుంది. ఆస్తమాకు స్టెరాయిడ్‌ ఇన్‌హేలర్‌ వాడేవాళ్లలోనూ గొంతు మారొచ్చు. వాడిన ప్రతిసారీ నోరు పుక్కిలించి ఉమ్మేయాలి. అంతేగానీ ఇన్‌హేలర్‌ సొంతంగా మానేయకూడదు. థైరాయిడ్‌ తగ్గినా స్వరం బరువెక్కుతుంది. రోజూ గంటల కొద్దీ గట్టిగా మాట్లాడేవాళ్లకు వోకల్‌ కార్డ్స్‌పై కాయల్లా చిన్న బుడిపెలు ఏర్పడతాయి. గొంతుకు విశ్రాంతి, స్పీచ్‌ థెరపీతో వీటిలో చాలావరకు తగ్గిపోతాయి.

ఈ లక్షణాలుంటే ఆలస్యం వద్దు

* గొంతు బొంగురు 3 వారాలు దాటినా తగ్గకపోతే ఈఎన్‌టీ డాక్టర్‌ను కలవాలి. చిన్న కెమెరాతో స్వరపేటికను చూస్తే అసలు విషయం తెలిసిపోతుంది.
* సిగరెట్‌, బీడీ, గుట్కా, మద్యం అలవాటున్నవాళ్లు మరింత జాగ్రత్తగా ఉండాలి. స్వరపేటిక క్యాన్సర్‌కు చాలాసార్లు తొలి గుర్తు గొంతు మారడమే. తొందరగా బయటపడితే నయమయ్యే అవకాశాలు చాలా ఎక్కువ.
* మెడలో గడ్డ, ఉమ్మిలో రక్తం, మింగడం కష్టమవడం, కారణం లేకుండా బరువు తగ్గడం లాంటివి కనిపిస్తే 3 వారాలు కూడా ఆగొద్దు.
* గట్టిగా అరుస్తుండగా ఒక్కసారిగా స్వరం ఆగిపోతే తంత్రుల్లో రక్తం చిమ్మి ఉండొచ్చు. వెంటనే మాట్లాడటం ఆపేసి డాక్టర్‌ దగ్గరికి వెళ్లాలి.
* ఊపిరి ఆడకపోయినా, గాలి పీల్చేటప్పుడు కీచుమని శబ్దం వచ్చినా, పిల్లలు ఉమ్ము మింగలేక చొంగ కారుస్తున్నా అది ఎమర్జెన్సీ. 108కి కాల్‌ చేయాలి.

గొంతే జీవనాధారమైతే..

టీచర్లు, అమ్మకందారులు నడుముకు కట్టుకునే చిన్న మైక్‌, స్పీకర్‌ సెట్‌ వాడితే గొంతుపై భారం చాలా తగ్గుతుంది. క్లాసును నిశ్శబ్దం చేయడానికి అరవాల్సిన పనిలేదు. చప్పట్లు కొట్టినా, బల్ల మీద తట్టినా సరిపోతుంది. పక్కన నీళ్ల సీసా పెట్టుకుని, గంటకోసారి అయినా కాసేపు గొంతుకు విరామం ఇవ్వాలి.

ఏటా ఏప్రిల్‌ 16న ప్రపంచ స్వర దినోత్సవం జరుపుతున్నదీ ఈ అవగాహన కోసమే. గొంతు పోయిన రోజున సెలవు పెడితే ఆ రోజు సంపాదనే పోతుంది. బలవంతంగా మాట్లాడి బుడిపెల దాకా తెచ్చుకుంటే నెలల సంపాదనకే ఎసరు వస్తుంది. కాబట్టి రెండ్రోజులు నోరు కట్టేసుకోవడమే లాభం.