సెకనుకు ఎంత? కాంకీ చెప్పే లెక్క

నెలకు 149 రూపాయలకు సెకనుకు 15 మెగాబిట్ల ఇంటర్నెట్. 2017 డిసెంబరు 27న నాటి రాష్ట్రపతి రామ్‌నాథ్ కోవింద్ చేతుల మీదుగా మొదలైన ఏపీ ఫైబర్‌నెట్ ఇళ్లకు ఇచ్చిన మాట ఇది. కరెంటు స్తంభాల మీదుగా కేబుల్ లాగి రాష్ట్రమంతటా అల్లిన ఈ నెట్‌వర్క్‌కు పర్యవేక్షణ కేంద్రం విశాఖపట్నంలోనే ఉంది. ఏ లైనులో ఎంత డేటా పారుతోందో అక్కడి ఇంజినీర్లకు తెరల మీద తెలుస్తుంది. మరి గాజువాకలోనో మధురవాడలోనో నెలనెలా డబ్బు కట్టే మనిషికి తెలిసేదెలా?

దానికీ దారి ఉంది, పైసా ఖర్చు లేకుండా. కంప్యూటర్‌లో లినక్స్ ఉంటే కాంకీ అనే చిన్న ప్రోగ్రాం వేసుకోవచ్చు. డెస్క్‌టాప్ మీద ఒక మూలన కూర్చుని ప్రాసెసర్ వాడకం, మెమరీ, డిస్కు, అన్నిటికన్నా ముఖ్యంగా వచ్చే డేటా, పోయే డేటా వేగాలను చూపిస్తూ ఉంటుంది.

ఇలాంటి పనిముట్లు ఇరుకులోంచే పుట్టాయి. 1994లో ఇంగ్లండులోని లెస్టర్ నగరంలో డి మాంట్‌ఫర్ట్ యూనివర్సిటీ అంతటికీ బయటి ఇంటర్నెట్‌తో ఉన్నది సెకనుకు 64 కిలోబిట్ల లైను ఒక్కటే. అది ఎంత నిండిందో చూడాలని అక్కడ పనిచేస్తున్న టోబియాస్ ఓటికర్ ఒక ప్రోగ్రాం రాశాడు. ఐదు నిమిషాలకోసారి రౌటర్‌ని లెక్క అడిగి గ్రాఫు గీసే ఆ ప్రోగ్రాం ఎంఆర్‌టీజీ పేరుతో ప్రపంచమంతా పాకింది. పదేళ్ల తర్వాత హన్ను సారన్‌సారి, లౌరి హక్కరైనెన్ సొంత కంప్యూటర్ల కోసం టోర్స్‌మో అనే మానిటర్ తయారుచేశారు. దాని సోర్స్ కోడ్‌ను తీసుకుని 2005లో బ్రెండెన్ మాథ్యూస్ పెంచినదే కాంకీ. ఒకరు వదిలిన చోట ఇంకొకరు అందుకోవడం స్వేచ్ఛా సాఫ్ట్‌వేర్‌కు ఉన్న గొప్ప బలం. కాంకీ బతుకంతా ఆ బలం మీదే నడిచింది.

నిజానికి కాంకీ వేగాన్ని కొలవదు. తీసివేత చేస్తుంది. లినక్స్ మూలభాగమైన కెర్నెల్ ప్రతి నెట్‌వర్క్ ఇంటర్‌ఫేస్‌కూ, అంటే కంప్యూటర్ నెట్‌వర్క్‌తో కలిసే ప్రతి ద్వారానికీ, బైట్ల కౌంటర్లు రెండు నడుపుతుంది. లోపలికొచ్చిన ప్రతి బైటూ ఒకదాంట్లో, బయటికెళ్లిన ప్రతి బైటూ ఇంకోదాంట్లో చేరుతూ పోతాయి. విశాఖ పోర్టులో ఇనుప ఖనిజం మోసే కన్వేయర్ బెల్టు మీద షిఫ్టు మొదట్లో మొత్తం ఎంత, చివర్లో ఎంత అని చూసి తేడా తీసినట్టే, కాంకీ కాసేపటికోసారి ఆ కౌంటర్లు చదివి, పాత అంకె తీసేసి, గడిచిన కాలంతో భాగిస్తుంది.

కౌంటర్లకూ ఓ పరిమితి ఉంది. 32 బిట్ల కౌంటర్ సుమారు 429 కోట్ల బైట్ల దగ్గర నిండి మళ్లీ సున్నా నుంచి మొదలవుతుంది. సెకనుకు 10 మెగాబిట్ల లైనుకు దాన్ని నింపడానికి దాదాపు గంట పడుతుంది. గిగాబిట్ లైనుకు 34 సెకన్లు చాలు! ఎంఆర్‌టీజీలా ఐదు నిమిషాలకోసారి చదివేదానికి ఈలోపు అది ఎన్నిసార్లు తిరిగిందో తెలియదు. 64 బిట్ల కౌంటర్లు వచ్చింది అందుకే.

ఇక మన ఇష్టప్రకారం మార్చుకోవడం. కాంకీకి ఒక కాన్ఫిగరేషన్ ఫైలు ఉంటుంది. 2015 నుంచి దాన్ని లువా భాషలో రాస్తున్నారు. అందులో డౌన్‌స్పీడ్, అప్‌స్పీడ్ అనే మాటల పక్కన ఇంటర్‌ఫేస్ పేరు రాస్తే అంకెలు ప్రత్యక్షమవుతాయి. గ్రాఫు కావాలంటే డౌన్‌స్పీడ్‌గ్రాఫ్. కొత్తవాళ్లు తరచూ చిక్కుకునేది ఇంటర్‌ఫేస్ పేరు దగ్గరే. పాత పాఠాల్లో ఉండే ‘ఈత్‌జీరో’ అనే పేరు 2013 తర్వాత వచ్చిన చాలా లినక్స్‌లలో లేదు. నెట్‌వర్క్ కార్డు ఏ స్లాటులో ఉందో దాన్నిబట్టి పొడుగాటి పేర్లు వచ్చాయి. తప్పు పేరు రాస్తే కనెక్షన్ బ్రహ్మాండంగా ఉన్నా కాంకీ సున్నా చూపిస్తుంది. అంకె మరీ గంతులేస్తుంటే సగటుకు తీసుకునే నమూనాల సంఖ్య పెంచాలి.

అసలు గొడవ ప్రమాణాలది. కంపెనీలు బిట్లలో అమ్ముతాయి, కాంకీ బైట్లలో చూపిస్తుంది. ఎనిమిది బిట్లు ఒక బైటు. 15 మెగాబిట్ల లైను పూర్తిగా నిండినా కాంకీలో కనిపించేది సెకనుకు సుమారు 1.8 మెగాబైట్లే. మోసపోయామనుకునే వాళ్లలో కొందరు నిజంగా మోసపోలేదు. పైగా ఆ అంకె ఇప్పుడు పారుతున్నది మాత్రమే చెబుతుంది, పారగలిగినది చెప్పదు. ఏమీ దింపుకోనప్పుడు అది సున్నా దగ్గరే ఉంటుంది. పక్క గదిలోని కంప్యూటర్ నుంచి సినిమా కాపీ చేస్తే ఇంటర్నెట్‌తో సంబంధం లేకుండానే ఎగబాకుతుంది.

కాబట్టి కంప్లైంటు చేసేముందు ఒక పెద్ద ఫైలు దింపడం మొదలుపెట్టండి. కాంకీలో కనిపించిన అంకెను ఎనిమిదితో గుణించండి. రెండు మూడు వేళల్లో చూసి రాసి పెట్టుకోండి. అప్పటికీ చెప్పిన వేగం కన్నా బాగా తక్కువుంటే ఆ కాగితం ముందు పెట్టుకుని ఫోన్ చేయండి.