కాటా అంకెలు ఎందుకు ఆడును? – వోల్టేజి రెగ్యులేటరు చేయు పని

రైతు ఆరుగాలము కష్టపడి పండించిన పంటకు చివరకు విలువ కట్టునది కాటా. ఒకప్పుడు త్రాసు ముల్లు నడుమ నిలిచినదో లేదో అందరును కంటితో చూచి తెలిసికొనెడివారు. ఇప్పుడు ధాన్యము కొనుగోలు కేంద్రములలోను, పాల కేంద్రములలోను ఎలక్ట్రానిక్ కాటాలు వచ్చినవి. వాని లోపల జరుగు పని పైకి కనబడదు. కనబడునవి అంకెలు మాత్రమే. ఆ అంకెలు కుదురుగా నిలువనిచో తూకముపై నమ్మకము పోవును.

ఒక గ్రామములోని కొనుగోలు కేంద్రములో ఇట్లు జరుగగా చూచితిని. సాయంకాలము 40 కిలోల బస్తాను కాటాపై పెట్టగా అంకెలు అరకిలో మేరకు పైకి క్రిందికి ఆడుచుండెను. ప్రక్కనున్న తూర్పారపట్టు యంత్రము నడచినంతసేపు ఈ ఆట ఎక్కువయ్యెను. అది ఆగగానే తగ్గెను. తూకములో మోసము జరుగుచున్నదని రైతులు గొడవపడిరి. కాటా ప్లగ్గు తీసి, లోనున్న బ్యాటరీతో నడిపించితిమి. అంకెలు వెంటనే నిలిచినవి. దోషము మనిషిలో లేదు, కాటాకు కరెంటు అందించు భాగములో ఉన్నది. అది ఎట్టి దోషమో తెలిసికొన్నచో ఇట్టి తగవులు చాలవరకు తీరును.

కరెంటులోని అల

మనకు వచ్చు కరెంటు 230 వోల్టుల ఏ.సి. అది సెకనుకు 50 ఆవృత్తులుగా దిక్కు మార్చుకొనుచుండును. కాటాలోని సున్నితమైన భాగములకు దిక్కు మారని, హెచ్చుతగ్గులు లేని డి.సి. కావలెను, అదియు సుమారు 5 వోల్టులు చాలును. ఇందుకు మొదట ట్రాన్స్‌ఫార్మరు వోల్టేజిని తగ్గించును. నాలుగు డయోడులు కరెంటును ఒకే దిక్కునకు మరల్చును. ఇట్లు మరల్చిన వోల్టేజి సెకనుకు 100 మార్లు లేచి పడుచుండును. తరువాత నున్న కెపాసిటరు, వోల్టేజి లేచినపుడు నిండి, పడినపుడు తనలోని దానిని ఇచ్చి ఆ పల్లములను పూడ్చును. అయితే పూర్తిగా పూడ్చలేదు. మిగిలిన ఎత్తుపల్లములనే రిపుల్ అందురు. మనము దానిని అల అనుకొందము.

కెపాసిటరు పెద్దదైన కొలది అల తగ్గును. కాటా వాడు కరెంటు పెరిగిన కొలది అల పెరుగును. 1000 మైక్రోఫారడ్ల కెపాసిటరు నుండి 0.3 ఆంపియరు వాడుకొన్నచో అల సుమారు 3 వోల్టులుండును. 5 వోల్టులు కోరు యంత్రమునకు ఇది చిన్న అల కాదు.

రెగ్యులేటరు – తూము కడ నీరుగంటి

ఇక్కడ వోల్టేజి రెగ్యులేటరు వచ్చును. దాని పని తెలియుటకు చెరువు తూము కడ నున్న నీరుగంటిని తలచుకొనుడు. చెరువులో నీరు ఎక్కువైనపుడు అతడు తూమును కొంత మూయును. తగ్గినపుడు కొంత తెరచును. చెరువు మట్టము మారుచున్నను కాలువలో నీరు ఒకే మట్టమున పారును.

రెగ్యులేటరు లోపల మూడు ముఖ్య భాగములు కలవు. మొదటిది, మారని ఒక వోల్టేజిని కొలబద్దగా నిలుపునది. రెండవది, బయటకు పోవు వోల్టేజిని ఆ కొలబద్దతో ఎడతెగక పోల్చి చూచునది. మూడవది, కరెంటు దారిలో తూమువలె నున్న ట్రాన్సిస్టరు. అల లేచినపుడు ట్రాన్సిస్టరు బిగియును, పడినపుడు వదలును. సెకనుకు 100 మార్లు వచ్చు అలను సవరించుట దీనికి కష్టము కాదు. విరివిగా వాడబడు 7805 అను 5 వోల్టుల రెగ్యులేటరు అలను సాధారణముగా వెయ్యింట ఒక వంతునకు తగ్గించును. అనగా 3 వోల్టుల అల 3 మిల్లీవోల్టులగును.

ఇక ముఖ్యమైన సంగతి. చెరువు మట్టము తూము కంటె దిగువకు పోయినచో నీరుగంటి ఎంత నేర్పరి అయినను కాలువకు నీరు ఈయలేడు. రెగ్యులేటరు కూడ అంతే. అది లేని వోల్టేజిని పుట్టించలేదు. ఎక్కువగా నున్న దానిని అదుపు చేయగలదు. 7805 సరిగా పనిచేయుటకు లోనికి వచ్చు వోల్టేజి సుమారు 7 వోల్టులకు తగ్గరాదు. అల సగటు 7 వోల్టులున్న చాలదు. అల అడుగు కూడ 7 వోల్టులకు పైన ఉండవలెను.

ఒక లెక్క

9 వోల్టుల ట్రాన్స్‌ఫార్మరు గల కాటాను తీసికొందము. లైనులో 230 వోల్టులున్నపుడు అల శిఖరము సుమారు 11.3 వోల్టులు. 3 వోల్టుల అల పోగా అడుగు 8.3 వోల్టులు. రెగ్యులేటరునకు చాలును, అంకెలు నిలుచును.

లైను చివరి గ్రామమున, మోటార్లన్నియు నడచు వేళ 180 వోల్టులే వచ్చినవనుకొనుడు. శిఖరము 8.6 వోల్టులకు దిగును, అడుగు 5.6 వోల్టులగును. ప్రతి అలలోను కొంతసేపు రెగ్యులేటరు చేతులెత్తివేయును. ఆ పల్లములు నేరుగా కాటాలోనికి పోవును. అదే కాటాలో 2200 మైక్రోఫారడ్ల కెపాసిటరు ఉన్నచో అల సుమారు 1.4 వోల్టులే, అడుగు 7.2 వోల్టులు. గట్టెక్కును.

కెపాసిటరు ఏండ్లు గడచిన కొలది, ముఖ్యముగా వేడికి, లోపల ఎండిపోవును. 1000 మైక్రోఫారడ్లది 500కు దిగినచో, 230 వోల్టులున్నను అల అడుగు 7 వోల్టులను తాకదు. క్రొత్తగా నున్నపుడు బాగుగా తూచిన కాటా కొన్నేండ్లకు చెడుటకు ఇది ఒక కారణము.

తూకమునకు దీనితో సంబంధమేమి?

కాటా పళ్లెము క్రింద లోడ్‌సెల్ అను లోహపు దిమ్మె ఉండును. బరువు పడగా అది కంటికి కనబడనంత వంగి, చాల చిన్న వోల్టేజిని ఇచ్చును. దానికి 5 వోల్టులిచ్చినచో నిండు బరువునకు మామూలుగా 10 మిల్లీవోల్టులు వచ్చును. 100 కిలోల సెల్లులో కిలో ఒక్కింటికి మిల్లీవోల్టులో పదవ వంతు మాత్రమే. ఇంత సన్నని కొలత ప్రక్కన వోల్టుల కొలది అల ఆడుట, గుసగుస వినవలసిన చోట డప్పు కొట్టుట వంటిది.

రెగ్యులేటరు దాటి వచ్చు చిన్న అలను కాటా తనంతట కొంత సవరించుకొనును. సెల్లునకిచ్చు వోల్టేజినే కొలతకు ప్రమాణముగా తీసికొనుట, సగటు కట్టుట అందుకే. రెగ్యులేటరు తప్పినచో ఈ సవరణలు చాలవు. అప్పుడు అంకెలు ఎక్కువకును పోవచ్చును, తక్కువకును పోవచ్చును. నష్టము అమ్మువానికో, కొనువానికో చెప్పలేము.

చేయవలసిన పనులు

1. అంకెలు ఆడుచున్నచో ముందు గాలి తగలకుండ చూచి, కాటాను గట్టి సమతలమున ఉంచుడు. పళ్లెమునకు ఏదియు తగులరాదు.

2. ప్లగ్గు తీసి, నిండుగా నున్న బ్యాటరీతో నడిపి చూడుడు. అంకెలు నిలిచినచో దోషము కరెంటు వైపున కలదు. నిలువనిచో సెల్లునో, తీగలనో పరీక్ష చేయించవలెను.

3. మంచి బ్యాటరీ అలను చాలవరకు అణచును. ముసలిదైన బ్యాటరీని మార్చుడు.

4. మోటారు నడచు తీగ నుండియే కాటాకు కరెంటు తీయకుడు.

5. అడాప్టరు మార్చునపుడు కాటాపై వ్రాసియున్న వోల్టేజి, రకము సరిచూడుడు. లైను వోల్టేజి తక్కువగా నుండు చోట, కంపెనీ ఒప్పుకొన్నచో, 100–240 వోల్టులని గుర్తుగల అడాప్టరు మేలు.

6. కాటా సీలును ఎవరును విప్పరాదు. లోపలి మరమ్మతు లైసెన్సు గలవారిచే చేయించి, తూనికలు కొలతల శాఖవారిచే మరల ముద్ర వేయించవలెను. 2009 నాటి లీగల్ మెట్రాలజీ చట్టము ప్రకారము ముద్ర లేని కాటాతో క్రయవిక్రయములు చేయరాదు.

7. ప్రతి దినము తూకము మొదలిడుటకు ముందు ముద్రగల 20 కిలోల తూనికరాయిని రైతుల యెదుట కాటాపై పెట్టి చూపుడు. మోటార్లు నడచు వేళ మరల ఒకసారి చూపుడు.

ఈ ఏడవ పనికి ఖర్చు లేదు. కేంద్రము నడుపువారును, గ్రామాధికారులును దీనిని అలవాటు చేసికొన్నచో కాటా చెడిన దినమే తెలియును. రైతు అడుగుటకు సంకోచింపనక్కర లేదు. తన బస్తా తూచు కాటా కుదురుగా నున్నదా అని చూచుట అనుమానము కాదు, అతని హక్కు.