వెలుగులో నల్లని పట్టీ

సూర్యునికి ఎదురుగా కెమేరా పట్టినప్పుడు బొమ్మ మీద మరక పడితే ఆ తప్పు ఎవరిది? తీసినవాడిదా, తయారు చేసినవాడిదా? చూడటానికి చిన్నదైన ఈ ప్రశ్న మీద దేశదేశాల ఛాయాగ్రాహకులు రెండు పక్షాలుగా చీలిపోయారు.

2014 సెప్టెంబరులో జపాన్‌కు చెందిన నికాన్ సంస్థ డి750 అనే కొత్త డిజిటల్ కెమేరాను ప్రకటించింది. ఒక్కొక్క చిత్రానికి 2 కోట్ల 43 లక్షల బిందువులు, మసక వెలుతురులో సైతం తడబడని ఫోకస్, వెనుక భాగాన పైకీ కిందికీ వంగే చిన్న తెర, అమెరికాలో వెల సుమారు 2,300 డాలర్లు. పెళ్ళిళ్ళూ సభలూ చిత్రించి జీవనం గడుపుకొనేవారికి ఇంతకంటే కావలసినదేమున్నది? ఎందరో దానిని ముచ్చటపడి కొన్నారు.

మూడు నెలలు గడిచేసరికి, ఆ డిసెంబరులో, కొందరు ఒక వింతను గమనించారు. సూర్యుడో, బలమైన దీపమో చిత్రం పై అంచుకు దగ్గరగా ఉన్నప్పుడు ఫొటో మీద తెల్లని కాంతిపొర ఒకటి పరచుకొంటున్నది. అంతవరకు అది ఏ కెమేరాలోనైనా జరిగేదే. కాని ఈ కెమేరాలో ఆ పొర పైభాగం కత్తితో కోసినట్లు తిన్నగా తెగిపోయి, అక్కడ అడ్డంగా ఒక నల్లని పట్టీ కనిపిస్తున్నది. ఎంత కాంతి పడినా మెత్తగా, క్రమంగా కలిసిపోవలసిన వెలుగు అలా గీత గీసినట్లు ఆగిపోవటం ఎవరికీ అలవాటైన దృశ్యం కాదు.

ఈ కాంతిపొరను ఇంగ్లీషులో ఫ్లేర్ అంటారు. తెలుగులో దీనికి స్థిరపడిన మాట లేదు. నిఘంటువు తిరగేస్తే జ్వాల అనీ, భగ్గుమనటం అనీ అర్థాలు దొరుకుతాయి. కాని ఇక్కడ మండేది ఏదీ లేదు. రావలసిన చోటికి కాక మరొక చోటికి వచ్చిన వెలుగు ఇది. అందుచేత దీనిని ‘వెలుగు మరక’ అని పిలుచుకొందాం.

పూర్వపక్షం, ప్రతివాదం

మొదటి పక్షం వారి మాట ఇది: వెలుగు మరక పడని కెమేరా భూమి మీద లేదు. సూర్యుణ్ణి చిత్రం అంచున నిలబెట్టి, పైగా లెన్సుకు నీడ పట్టకుండా, కావాలని నీడలను తెలుపు చేసి చూస్తే ఏ కెమేరా అయినా తప్పు పడుతుంది. నూటికి తొంభైతొమ్మిది చిత్రాలలో కనిపించని దానిని పట్టుకొని ఇంత రభస ఎందుకు? మంచి ఛాయాగ్రాహకుడు ఒక అడుగు పక్కకు జరుగుతాడు, సమస్య తీరిపోతుంది.

రెండవ పక్షం వారి మాట ఇది: మరక పడటాన్ని మేము ఆక్షేపించటం లేదు, దాని ఆకారాన్ని ఆక్షేపిస్తున్నాము. మామూలు మరకను కళగా వాడుకోవచ్చు, లేదా తరువాత కొంత సరిదిద్దవచ్చు. అడ్డంగా తెగిన పట్టీని ఏ విధంగానూ దాచలేము. అదీగాక సాయంకాలపు ఎండను వెనుక పెట్టుకొని వధూవరులను చిత్రించటం మా వృత్తిలో నిత్యకృత్యం. ఒక అడుగు జరగటానికి పెళ్ళి మా కోసం ఆగదు.

ఈ చివరి మాటలోని బాధ మన పెళ్ళి పందిళ్ళు ఎరిగినవారికి తేలికగా బోధపడుతుంది. వేదిక వెనుకా పైనా దీపాలు వెలుగుతుంటాయి. బంధువులు చుట్టూ మూగి ఉంటారు. తలంబ్రాలు పడే క్షణం ఒక్కటే. ఆ క్షణం చెడితే రెండవమారు పొయ్యమని అడగటానికి లేదు. ఇంటివారు ఫొటోగ్రాఫరునే నిలదీస్తారు గాని జపాన్‌లోని కార్ఖానాను కాదు.

వాదం ఇంత పదునెక్కటానికి మరొక కారణం కూడా ఉన్నది. అదే సంస్థ 2012లో విడుదల చేసిన డి600 అనే కెమేరాలో చిత్రాల మీద నల్లని మచ్చలు పడుతున్నాయని కొనుగోలుదారులు మొరపెట్టుకొన్నారు. లోపలి సెన్సారు మీద దుమ్ము చేరటం దీనికి కారణం. 2013 అక్టోబరులో డి610 అనే కొత్త నమూనా వచ్చింది. 2014 ఫిబ్రవరిలో గాని, గ్యారంటీ గడువు దాటిన డి600 కెమేరాలకు సైతం ఉచితంగా మరమ్మతు చేస్తామని సంస్థ ప్రకటించలేదు. ఆ మరుసటి నెలలో చైనా ప్రభుత్వ టెలివిజన్ ఈ విషయాన్ని దేశమంతటికీ చూపించింది. డి600 అమ్మకాలు నిలిపివేయవలసిందిగా షాంఘై అధికారులు ఆదేశించారు. ఈ జ్ఞాపకం ఇంకా పచ్చిగా ఉండగానే డి750 సంగతి బయటపడింది.

గాజు లోపలి ప్రతిధ్వనులు

ఎవరి వాదం న్యాయమైనదో తెలియాలంటే వెలుగు లెన్సులో ఎలా ప్రయాణిస్తుందో కొంచెం తెలుసుకోవాలి. వెలుగు గాలిలో నుండి గాజులోకి వెళ్ళేటప్పుడు నూటికి సుమారు 4 వంతులు వెనక్కు తిరుగుతుంది. గాజులో నుండి బయటికి వచ్చేటప్పుడు మళ్ళీ 4 వంతులు. విడివిడిగా 7 గాజు బిళ్ళలు అమర్చిన లెన్సుకు 14 ముఖాలు ఉంటాయి. లెక్క వేసి చూడండి: ఏ పూతా లేని అటువంటి లెన్సులో నూరు పాళ్ళ వెలుగు ప్రవేశిస్తే నేరుగా ఆవలికి చేరేది 56 పాళ్ళే. తక్కినది గాజు గోడల మధ్య ప్రతిధ్వనిలాగా తిరుగుతుంది. అందులో కొంత ఎక్కడెక్కడో తగిలి చివరకు చిత్రం మీద పడుతుంది. అదే వెలుగు మరక.

దీనికి మందు యాదృచ్ఛికంగా దొరికింది. 19వ శతాబ్దం చివరలో బ్రిటిష్ లెన్సు నిర్మాత డెన్నిస్ టేలర్ ఒక వింత గమనించాడు. ఏళ్ళ తరబడి వాడకంలో ఉపరితలం మకిలిపట్టిన లెన్సులు కొత్తవాటి కంటే ఎక్కువ వెలుగును పోనిస్తున్నాయి! ఆ మకిలి పొరే వెలుగు వెనక్కు మళ్ళకుండా అడ్డుకొంటున్నది. 1935లో జర్మనీలోని జైస్ సంస్థకు చెందిన అలెగ్జాండర్ స్మాకులా ఇటువంటి పొరను గాజు మీద కావాలని పూసే పద్ధతికి పేటెంటు పొందాడు. 1938లో అమెరికాలోని జనరల్ ఎలక్ట్రిక్ పరిశోధనశాలలో కాథరిన్ బ్లాడ్జెట్ అనే శాస్త్రవేత్త్రి మరొక మార్గాన వెలుగు తిరిగిరాని గాజును తయారు చేసింది.

ఈ పూత మందం మిల్లీమీటరులో పదివేలవ వంతు మాత్రమే. పూత పైముఖం నుండి తిరిగివచ్చే కాంతి తరంగమూ, అడుగుముఖం నుండి వచ్చే తరంగమూ ఒకదానినొకటి రద్దు చేసుకొంటాయి. కెమేరా లెన్సును ఏటవాలుగా చూచినప్పుడు కనిపించే ఊదారంగు మెరుపు ఈ పూతదే. ఒక్కొక్క ముఖం నుండి వెనక్కు తిరిగే వెలుగు 4 పాళ్ళ నుండి అరపాలుకు తగ్గిందనుకొంటే, పైన చెప్పిన లెన్సులో 56కు బదులు 93 పాళ్ళ వెలుగు ఆవలికి చేరుతుంది. అయినా పూర్తిగా సున్నా కాదు. కనుక మరక పడని కెమేరా లేదన్న మొదటి పక్షం వారి మాట అక్షరాలా నిజం.

మరి నల్లని పట్టీ ఎక్కడిది?

ఇక్కడ రెండవ పక్షం వారు గెలిచారు. ఎందుకంటే ఆ పట్టీ లెన్సులో పుట్టినది కాదు, కెమేరా పెట్టెలో పుట్టినది. లెన్సు మార్చినా అది వదలలేదు.

ఇటువంటి కెమేరాలో లెన్సుకూ సెన్సారుకూ మధ్య ఒక చిన్న చీకటి గది ఉంటుంది. ఏటవాలుగా అమర్చిన అద్దం ఒకటి దృశ్యాన్ని కంటికి చూపుతుంది. దాని వెనుకనున్న బుల్లి అద్దం కొంత వెలుగును గది నేలలోని ఫోకస్ యంత్రానికి పంపుతుంది. మీట నొక్కగానే అద్దాలు పైకి లేస్తాయి. వెలుగు నేరుగా సెన్సారు మీద పడుతుంది. లెన్సు దృశ్యాన్ని తలకిందులుగా చూపిస్తుంది గనుక, చిత్రం పై అంచుకు ఆవలనున్న సూర్యుని బింబం సెన్సారుకు కింద, సరిగ్గా ఆ గది నేల మీద పడుతుంది. అక్కడి నుండి ఎగిరిన వెలుగు సెన్సారుకు తగులుతుంది. దారిలో ఏదో అంచు అడ్డుపడినందున దాని నీడ పట్టీగా కనిపిస్తున్నదని పరీక్షించి చూచినవారు తర్కించారు. అదే దీపాన్ని, అదే కోణంలో, వేరువేరు కెమేరాలతో చిత్రించి ఫలితాలను పక్కపక్కన పెట్టారు. మాటల కంటే ఆ బొమ్మలే బలంగా సాక్ష్యం చెప్పాయి.

2014 డిసెంబరు చివరలో నికాన్ సంస్థ ఫిర్యాదులు అందినట్లు ఒప్పుకొన్నది. మితిమీరిన వెలుగు చిత్రం పై అంచు దగ్గర ఉన్నప్పుడు అసహజమైన ఆకారంలో మరక కనిపించవచ్చునని ఆ ప్రకటన సారాంశం. 2015 జనవరిలో ఉచిత మరమ్మతు ప్రకటించింది. కెమేరా లోపల వెలుగుకు అడ్డుగా ఉండే భాగాలను పరీక్షించి, ఫోకస్ సెన్సారు స్థానాన్ని సరిచేయటమే ఆ మరమ్మతు. అంటే వాడకందారుల తర్కం సరైన దిక్కునే చూపినదన్నమాట.

ఒక్క సంస్థ కథ కాదు

2006లో పేరుపొందిన జర్మన్ కెమేరా లైకా ఎం8లో నల్లని బట్టలు కొన్ని ఊదారంగులో కనిపించాయి. కంటికి కనపడని పరారుణ కాంతి సెన్సారు దాకా రావటమే కారణం. లెన్సుకు తగిలించుకొనేందుకు కొనుగోలుదారులకు రెండేసి ఫిల్టర్లు ఉచితంగా ఇచ్చారు. 2012లో కానన్ 5డి మార్క్ 3లో పైనున్న చిన్న తెర దీపం వేస్తే, చీకటిలో కెమేరా చూపే వెలుగు కొలత మారుతున్నదని తేలింది. దానికీ ఉచిత తనిఖీ జరిగింది. అదే సంవత్సరం ఐఫోన్ 5లో ఊదారంగు మరకల మీద ఫిర్యాదులు వచ్చినప్పుడు మాత్రం, చిన్న కెమేరాలన్నిటిలో ఇది సహజమేననీ, ఫోనును కొంచెం జరపమనీ, చేయి అడ్డుపెట్టమనీ ఆపిల్ సంస్థ సలహా ఇచ్చింది.

కెమేరాలు వేరైనా ప్రతిసారీ తేల్చవలసిన ప్రశ్న ఒకటే: ఇది వెలుగు స్వభావమా, పనితనంలోని లోపమా? స్వభావమైతే వాడేవాడు నేర్చుకోవాలి. లోపమైతే చేసినవాడు సరిదిద్దాలి.

ఇందులో ఒక చమత్కారం కూడా లేకపోలేదు. 1950లో కురొసావా ‘రాషోమోన్’ చిత్రానికి కజువో మియాగావా కెమేరాను నేరుగా సూర్యునివైపు తిప్పినప్పుడు అది సాహసం. అలా చేస్తే ఫిల్ము కాలిపోతుందని ఆనాటివారి భయం. 2009 నాటి ‘స్టార్ ట్రెక్’లో దర్శకుడు జె.జె. ఏబ్రమ్స్ లెన్సులోకి కావాలనే దీపాలు వేయించి తెర నిండా మరకలు పరిపించాడు. కొన్నిచోట్ల అవి శ్రుతి మించాయని తరువాత తానే ఒప్పుకొన్నాడు. శుభ్రమైన బొమ్మ మీద వెలుగు మరకను కృత్రిమంగా అద్దే సదుపాయం ఫోటోషాప్‌లో ఉన్నది. ఒకచోట డబ్బు పోసి వదిలించుకొన్న దానినే మరొకచోట శ్రమపడి తెచ్చుకొంటున్నామన్నమాట. అయినా ఛాయాగ్రాహకుల కోపంలో విరుద్ధం ఏమీ లేదు. తాను కోరి వేసిన రంగు వేరు, తన ప్రమేయం లేకుండా ఒలికిన సిరా వేరు.

మీ కెమేరా మీద అనుమానం కలిగితే

ముందుగా లెన్సు మీది వేలిముద్రలు తుడవండి. ఫిల్టరు ఉంటే తీసివేయండి. లెన్సు హుడ్ తగిలించండి. లేకపోతే చిత్రంలో పడకుండా అరచేతితో నీడ పట్టండి. ఇన్ని చేసినా మరక పోకపోతే లెన్సు మార్చి, అదే చోట నిలబడి, అదే దృశ్యాన్ని మళ్ళీ తీయండి. లెన్సుతో పాటు మరక ఆకారం కూడా మారితే దోషం చాలావరకు లెన్సుది, కోణానిది. ఏ లెన్సు పెట్టినా అదే చోట, అదే ఆకారంలో తెగిన గీత కనిపిస్తే అనుమానించవలసినది కెమేరా పెట్టెను. ఆ బొమ్మలను, తీసిన తేదీలతో సహా, భద్రపరచి కంపెనీ సర్వీసు కేంద్రానికి చూపండి. పొడుగాటి ఫిర్యాదు కంటే పక్కపక్కన పెట్టిన రెండు బొమ్మలు త్వరగా పని చేస్తాయి.

డి750కి వారసునిగా 2020లో డి780 వచ్చింది. అయినా పాత కెమేరాల బజారులో డి750ని అడిగి కొనేవారు ఇప్పటికీ ఉన్నారు. కొనదలచినవారు దాని వరుస సంఖ్యను కంపెనీ ప్రకటనతో సరిచూచుకోవాలి. ఆ తరువాత కెమేరాను తలకిందులు చేసి, మూడుకాళ్ళ పీటకు బిగించే రంధ్రంలోకి తొంగిచూడాలి. అక్కడ చిన్న నల్లని చుక్క ఉంటే వెలుగు మరక సంగతి అంతకుముందే చూచి సరిచేశారని గుర్తు.