కోళ్లకు గింజలేస్తే ‘యరు’

మన అనకాపల్లి జిల్లా అచ్యుతాపురంలో, జపాన్‌కు చెందిన యోకోహామా గ్రూపు టైర్ల ఫ్యాక్టరీ 2022లో మొదలైంది. అంతకు ముందే, 2021 జనవరిలో, నైపుణ్యమున్న కార్మికుల్ని జపాన్‌కు పంపడానికి భారత్, జపాన్ ప్రభుత్వాలు ఒప్పందం చేసుకున్నాయి. ఆ దారిన వెళ్లాలంటే మామూలుగా జపనీస్ పరీక్ష గట్టెక్కాలి. పరీక్ష పుస్తకం ముందుగా నేర్పేది ‘షిమస్’, అంటే మర్యాదగా ‘చేస్తాను’ అనడం. తోటివాళ్ల కబుర్లలో తరచూ వినపడేది మాత్రం ‘యరు’.

‘యరు’ అంటే చేయడం అని రాసుకుంటే సగమే అందుతుంది. దాని పక్కన మన ‘వేయడం’ పెట్టి చూడండి. కోళ్లకు గింజలు వేస్తాం, గేదెకు గడ్డి వేస్తాం, చుట్టానికి మాత్రం అన్నం పెడతాం. జపాన్‌లోనూ అంతే: కుక్కకు తిండి వేస్తే యరు, స్నేహితుడికి ఏదైనా ఇస్తే ‘అగెరు’. ఈ మధ్య కుక్కకూ ‘అగెరు’ అనేవాళ్లు ఎక్కువయ్యారు, అది విని చిరాకుపడే పెద్దవాళ్లూ ఉన్నారు. హాల్లో ఏ సినిమా వేశారని అడగాలన్నా యరుయే. సాయంత్రం ఓ పెగ్గేద్దామంటే ‘ఇప్పయ్ యరు’. గ్యాంగు సినిమాల్లో ఒకణ్ణి ‘వేసేయడం’ కూడా అదే మాట! ఎక్కడి జపాన్, ఎక్కడి అనకాపల్లి.

అలాగని అన్నిచోట్లా అతకదు. చొక్కా వేసుకోవడానికీ, తాళం వేయడానికీ యరు పనికిరాదు. హోంవర్క్ చేయడం, గేమ్ ఆడటం మాత్రం దాని కిందికే వస్తాయి. కొట్టు తెరిచే ఉందా అని అడగాలంటే ‘యత్తెరు?’ అంటే చాలు.

పెద్దవాళ్ల దగ్గర కాస్త జాగ్రత్త. ఈ పని ఎవరు చేస్తారని సూపర్‌వైజరు అడిగితే ‘వతాషి గ యరిమస్’, నేను చేస్తానండి, అనడంలో తప్పులేదు. ఆయనకు ఏదైనా ఇచ్చేటప్పుడు మాత్రం యరు వాడారో, గడ్డి వేసినట్టే.

‘యత్తె మితె’ అంటే ‘చేసి చూడు’. చేసి, చూడు అనే రెండు ముక్కలూ మన వరుసలోనే ఉన్నాయి. పని ఫలించాక అరిచేది ‘యత్తా!’. కత్తి, పత్తి అన్నట్టు ‘త్త’ నొక్కి పలకాలి. ద్విత్వం పలకని భాషల నుంచి వచ్చినవాళ్లు ఇక్కడ తడబడతారు, మనకు ఆ బాధ లేదు.